అక్షరాల ఆయన కోసం ప్రార్థన

సినిమా అయిపోయిందని మీకెలా తెలుస్తుంది? హాల్లో దీపాలు వెలుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, పక్కవాడు మీ కాలు తొక్కుకుంటూ వెళ్ళిపోతాడు. మీ లెక్కలో అంతే. అమలాపురంలో ఒక సినిమా హాలు క్యాబిన్‌లో ఉద్యోగకాలమంతా గడిపిన ఆపరేటరుగా చెబుతున్నాను, అప్పటికి సినిమా అయిపోదు. తెర మీద తెల్లటి అక్షరాలు కింద నుంచి పైకి ఎక్కుతూ ఉంటాయి. బట్టలు కుట్టినవాళ్ళెవరో, మేకులు కొట్టినవాళ్ళెవరో, అందరికీ అన్నం వండినవాళ్ళెవరో అందులో ఉంటుంది. వాటి వెనక సంగీతం ఉంటుంది. నేను బతుకులో విన్న గొప్ప సంగీతంలో చాలా భాగం ఖాళీ కుర్చీలకు వినిపించిన సంగీతమే. దాని మూలంగా మా సంఘంలో నా హార్మనీ పెట్టె నా చేతిలోంచి పోయేంత పని జరిగింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది భక్తిగల క్రైస్తవ కుటుంబం. నడక రాకముందే మందిరంలో చాప మీద పాకినవాణ్ణి. అక్షరాలు నేర్చుకున్నది కీర్తనల్లోనే, లెక్కలు నేర్చుకున్నది పరిశుద్ధ వంశావళుల్లోనే. పదహారేళ్ళకే సంఘం హార్మనీ పెట్టె నా ముందు పెట్టారు. మా సంఘంలో పొగాకు నిషేధం, నగలు నిషేధం, సినిమా మహా నిషేధం. అలాంటి సంఘంలో హార్మనీ వాయించేవాడు వారంలో మిగతా రోజులు సినిమా హాల్లో పనిచేయడం ఎలా కుదిరిందని మీరు అడుగుతారు. నేను కరెంటు పని నేర్చుకున్నాను. ఆ పనికి మా ఊళ్ళో తిండి లేదు, అమలాపురంలో సినిమా హాలుంది. పెద్దలు నన్ను పిలిచి నిలదీసినప్పుడు ఒక్కటే చెప్పాను. క్యాబిన్‌లో ఉన్నవాడు సినిమా చూడడండి, మంట చూస్తాడు.

అది అబద్ధం కాదు. ఆ రోజుల్లో మా మిషన్లలో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉండి, వాటి మధ్య లేచే మంట వెలుగే తెర మీద బొమ్మయ్యేది. కడ్డీలు కాలి అరిగిపోతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి. జరపడం మరిస్తే తెర మీద కథానాయిక పచ్చగా మారి, తర్వాత చీకట్లో కలిసిపోతుంది. నేల క్లాసు మొత్తం క్యాబిన్ వైపు తిరిగి నా వంశాన్ని తలుచుకుంటుంది. కాబట్టి కళ్ళు మంట మీదే. చెవులు మాత్రం ఖాళీ. క్యాబిన్‌లో చిన్న స్పీకరు ఉండేది, ధ్వని సరిగా పోతోందో లేదో తెలుసుకోవడానికి. పెద్దలు చూడొద్దన్నారు, వినొద్దని చెప్పడం వాళ్ళకి తోచలేదు.

పరీక్షల రోజుల్లో కొత్త తెలుగు సినిమాలు వచ్చేవి కావు. అప్పుడు మా హాలుకు డబ్బింగు చేసిన ఇంగ్లీషు సినిమాలు తెచ్చేవారు. సముద్రపు మృగాలు, మరమనుషులు, మంచుకొండలు. తెర మీదవాళ్ళు నోరు మూసుకున్నాక తెలుగు మాట వినపడేది. ఒకదాంట్లో ముసలి ఓడ కెప్టెను, మృగం ఎదురుగా నోరు తెరిచి నిలబడితే, పారిపోకుండా గ్రాంథికంలో ప్రసంగం మొదలెట్టాడు. నీ అంతు చూసేదాకా నా కంటికి నిద్ర రాదు జలరాక్షసీ అని ఆయనంటే, మాకు మాత్రం వస్తోందండీ అని నేల క్లాసు జవాబిచ్చింది.

మా హాలు పద్ధతి ఏమిటంటే, కథ ముగిసి అక్షరాలు మొదలవగానే మంట ఆర్పేయాలి. కడ్డీలు మిగులుతాయి, జనం తొందరగా బయటపడతారు, తర్వాతి ఆటకు టిక్కెట్లు చింపుకోవచ్చు. మేనేజరు గారు గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసుకునేవారు. ఆ కెప్టెను సినిమా నాడు నేను మ్యాట్నీ చివర్లో క్యారేజీ విప్పుకున్నాను. మాగాయి, పెరుగన్నం. చేతినిండా అన్నం ఉండటంతో స్విచ్చి ముట్టుకోలేకపోయాను. అక్షరాలు ఎక్కడం మొదలుపెట్టాయి. స్పీకరులోంచి సంగీతం మొదలైంది.

ఎలా చెప్పాలి. వరద రోజుల్లో బోడసకుర్రు రేవు దాటేటప్పుడు పంటు ఇంజను ఆపేస్తే, అంతవరకూ వినపడని నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా కిందనుంచి లేస్తుంది. అలా మొదలైంది. దాని మీద ఒక్క వయొలిన్. తొందర లేదు. ఒక స్వరం దగ్గర ఆగి, వెళ్ళాలా వద్దా అని ఆలోచించి, వెళ్ళింది. వెనకే చాలా వయొలిన్లు వెళ్ళాయి. మా సంఘంలో ముసలమ్మలు చరణం చివరి అక్షరాన్ని వదలబుద్ధి కాక లాగుతూ ఉంటారు. హార్మనీ వాడు ఎంత తొందరగలవాడైనా వాళ్ళ కోసం ఆగాల్సిందే. ఈ సంగీతం కూడా అలాగే ఎవరికోసమో ఆగుతోంది. ఈయనెవరో చిన్నప్పుడు ఏదో దేశంలో ఏదో మందిరంలో వెనక బల్ల మీద కూర్చుని ముసలమ్మల పాట విన్నవాడేనని నాకు అనిపించింది. ఈ రోజుకీ అదే నా నమ్మకం. పాట అయ్యేసరికి చేతిలో పెరుగన్నం ఎండిపోయింది.

కిటికీలోంచి కిందికి చూస్తే, హాలు ఊడ్చే మామ్మ చీపురు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ క్లాసులో కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీల కింద ఊడ్చిన మనిషి, కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ప్రతి ఆటకూ అక్షరాలు పూర్తిగా వేశాను. మేనేజరు గారు కింద నుంచి కేకలు వేశారు. కడ్డీలు మీ నాన్నగారు కొన్నారా అని అడిగారు. నన్ను కాపాడింది మామ్మే. "దీపాలేసేత్తే కుర్చీల కింద చెత్త కనపడదండి. అచ్చరాల యెలుగులోనే కనపడుద్దండి" అని ఆయనకి చాలా వినయంగా చెప్పింది. మేనేజరు గారు చదువుకున్నవారు. ఊడ్చే పనిలో తనకు తెలియని శాస్త్రం ఏదో ఉందనుకుని వెళ్ళిపోయారు. ఆ సంగీతం చేసినాయనకి అక్షరాల ఆయన అని పేరు పెట్టింది కూడా మామ్మే.

అసలు పేరు కోసం రీలు చుట్టేటప్పుడు బల్బుకు అడ్డంగా పట్టుకుని, భూతద్దంలో వెతికాను. దొరికింది. ఇక్కడ రాయను. రాసినా నేను పలికినట్టు మీరు పలకరు. ఆ తర్వాత వచ్చిన డబ్బింగు సినిమాల్లో పేరు పడకుండానే ఆయన చెయ్యి గుర్తుపట్టేవాణ్ణి. మృగం వచ్చే ముందు మిగతావాళ్ళంతా డప్పులు మోగిస్తారు. ఈయన ఉన్న మోత కూడా ఆపేస్తాడు. ఆ నిశ్శబ్దంలో నేల క్లాసులో వేరుశనగ కాయలు ఒలవడం కూడా ఆగిపోయేది. గుడారపు పనివాళ్ళకు, నేసేవాళ్ళకు, చెక్కేవాళ్ళకు చేతుల్లో నేర్పు పెట్టింది తానేనని లేఖనంలో దేవుడు చెప్పుకున్నాడు. నేర్పు దేవుడిదైతే, నేర్పుగలవాడి కోసం ప్రార్థించడం నా బాధ్యత అనుకున్నాను. కుటుంబ ప్రార్థనలో మా పిల్లల పేర్లు, మా అత్తగారి మోకాళ్ళు, మేనేజరు గారి కోపం అయ్యాక, అక్షరాల ఆయన పేరు కూడా చేర్చాను. దూరదేశంలో పనిచేస్తున్న నీ దాసునికి బలం ఇవ్వు ప్రభువా అని.

అక్కడ మొదలైంది తంటా.

మా ఆవిడ రోజూ కళ్ళు మూసుకుని ఆమేన్ అంటూ ఉంది. ఆ పేరు ఎవరిదని అడగలేదు. దూరదేశం, దాసుడు, దొర పేరు, మూడూ కలిపితే మా సంఘంలో ఎవరికైనా వచ్చే అర్థం ఒకటే. ఆవిడ ఆ అర్థమే తీసుకుంది. శుక్రవారం స్త్రీల సహవాసంలో ప్రార్థన అంశాలు చెప్పమంటే, మా ఆయన భారంగా ప్రార్థించే ఒక మిషనరీ దొరగారున్నారండి అని చెప్పింది. స్త్రీల సహవాసం ఒక అంశం పట్టుకుందంటే ఇక వదలదు. రెండు వారాల్లో అది ఆదివారం ఆరాధనలోకి వచ్చింది. నేను హార్మనీ ముందు కూర్చుని ఉండగా, సంఘంలో అందరికంటే పెద్దావిడ లేచి, ఆ దొరబాబుని సముద్రాల మీదా అడవుల్లోనూ క్రూరమృగాల నోటినుంచి తప్పించు తండ్రీ అని కన్నీళ్ళతో వేడుకుంది. ఆయన మృగాల మధ్యనే పనిచేస్తాడని ఆవిడకెలా తెలిసిందో నాకు నేటికీ తెలీదు. నేను తల వంచుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో నిజం చెప్పాను. సంఘం అంతటి ముందూ తను సినిమావాడి కోసం ప్రార్థన చేయించిందని తెలిస్తే, మందిరంలో ఏ చాప మీద కూర్చోవాలో చెప్పమంది. మళ్ళీ వారం మానేద్దాం, వాళ్ళే మరిచిపోతారు అన్నాను. వాళ్ళు మరవలేదు.

మా సంఘ పెద్ద కొబ్బరి వర్తకులు. చుట్టరికం లేకపోయినా నేను బాబాయిగారు అని పిలిచేవాణ్ణి. లేఖనం మొత్తం ఆయన నాలుక మీద ఉండేది. సినిమా అంటే ఆయనకున్న పట్టుదల ఎలాంటిదంటే, గడియార స్తంభం దగ్గర గోడల నిండా పోస్టర్లుంటాయని, ఆ వీధిలోకి రాగానే గొడుగు విప్పేవారు. ఎండ ఎటున్నా సరే, గొడుగు పోస్టర్ల వైపే. ఆయన గొడుగు ఎటు వాలిందో చూసి కొత్త సినిమా ఏ గోడ మీద పడిందో తెలుసుకునేవాళ్ళం.

ఒక శనివారం పొద్దున ఉపవాస ప్రార్థన అయ్యాక బాబాయిగారు నన్ను ఆపి దొరగారి గురించి అడిగారు. ఏ దేశంలో పరిచర్య అన్నారు. ఆయన పని అన్ని దేశాలకూ వెళ్తుందండి అన్నాను. ఆత్మలు కదులుతున్నాయా అన్నారు. మా హాలు ఊడ్చే మామ్మ అంతటిది కూర్చుండిపోయిందండి అన్నాను. ఆయనకి కళ్ళు చెమర్చాయి. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆ రోజుల్లో ఆ సంగతి నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వం తర్వాతి మాటతో దిగిపోయింది. వచ్చే నెల మా మహాసభలు. పందిరి, వంటలు, చుట్టుపక్కల మండలాల నుంచి జనం. సభల కరపత్రంలో దొరగారి పేరు పెద్దక్షరాలతో వేసి, ఆయన పరిచర్య కోసం సభలన్నీ ప్రార్థించాలని పిలుపిద్దామని పెద్దలు నిర్ణయించారట. సోమవారం అచ్చుకు వెళ్తోందట. ఆ కరపత్రం ఐ.పోలవరం నుంచి రాజోలు దాకా ప్రతి మందిరం తలుపుకీ అంటిస్తారు. అందులో ఒక్క మందిరంలోనైనా ఇంగ్లీషు సినిమాల పేర్లు చదివినవాడు ఉండకపోడు. అప్పుడు నవ్వులపాలయ్యేది నేను కాదు, మా సంఘం. ఆ తర్వాత హార్మనీ పెట్టె నాకు ఎవరిస్తారు? నాకు ఆ పెట్టె అంటే ఏమిటో చెప్పలేను. హాల్లో మంట ముందు వారమంతా నిలబడేది ఆదివారం ఆ పెట్టె ముందు కూర్చోవడానికే.

ఆ సాయంత్రమే, పని నేర్చుకుంటున్న కుర్రాడికి మంట అప్పజెప్పి, అమలాపురంలో ఉన్న బాబాయిగారి కొబ్బరి కొట్టుకు వెళ్ళాను. దొరగారి గురించి చెప్పాలండి, చెబితే అర్థం కాదు, వినిపిస్తాను, నాతో రండి అన్నాను. క్యాసెట్టు అనుకున్నారు. గొడుగు పట్టుకుని సంతోషంగా బయలుదేరారు. నేను హాలు వెనక సందులోంచి తీసుకెళ్ళి, క్యాబిన్‌కు పోయే ఇనప మెట్ల కింద ఆపాను.

ఆయన పైకి చూశారు. ఆ వారం కెప్టెను సినిమానే మళ్ళీ వచ్చింది, గోడ అవతల మృగం అరుస్తోంది.

"ఇది సినిమా హాలు కదా."

"ఆయ్. నేను పనిచేసే చోటండి."

"దొరగారు ఇక్కడ ఉన్నారా?"

"ఉన్నారండి. ఇంకో పావుగంటలో వస్తారు. ఆయన సినిమాలకి సంగీతం చేస్తారండి, బాబాయిగారూ."

ఆయన ముఖంలో మొత్తం సంగతి ఒక్కో మెట్టూ దిగడం నేను చూశాను. స్త్రీల సహవాసం, పెద్దావిడ కన్నీళ్ళు, కరపత్రం. కేకలు వేస్తారనుకున్నాను. చాలా మెల్లిగా మాట్లాడారు. అది ఇంకా భయం.

"రేపటి నుంచి పెట్టె ముట్టుకోకు."

"ఆయ్."

"ఇంకేం చెప్తావు?"

"ఒకటి చెప్తానండి. వినకుండా మనిషికి తీర్పు తీర్చొచ్చని లేఖనంలో ఎక్కడుందో మీరు చూపించండి. నేను పెట్టె మీ ఇంటికే తెచ్చి పెట్టేస్తాను."

అది నేను చేసిన పెద్ద తుంటరి పని. ఆయనకి లేఖనం మొత్తం తెలుసు. కాబట్టి అలా ఎక్కడా లేదనీ తెలుసు. తెలియనివాడైతే తప్పించుకునేవాడు. ఆయన మెట్ల వైపు చూశారు, సందు చివర ఎవరైనా ఉన్నారేమో చూశారు. తర్వాత గొడుగు విప్పి, దాని చాటున ఎక్కడం మొదలుపెట్టారు.

కుర్రాణ్ణి కిందికి పంపేశాను. క్యాబిన్‌లో ఇద్దరు నిలబడటానికే చోటు ఇరుకు. మూడోది విప్పిన గొడుగు. మూసేయండి బాబాయిగారూ అంటే, తెర కనపడే ఆ కిటికీని నువ్వు మూస్తావా అన్నారు. మూస్తే కిందవాళ్ళు నన్ను చంపేస్తారన్నాను. అయితే గొడుగుంటుంది అన్నారు. గొడుగును కిటికీకి ఆన్చి, దాని వెనక స్టూలు మీద కూర్చున్నారు. నేను ఆయన మోకాళ్ళ మీదుగా వంగి కడ్డీలు జరుపుతున్నాను. కెప్టెను ప్రసంగం వినపడింది. ఇదేనా దొరగారు అని గొడుగు అడిగింది. కాదండి, ఈయన ఇప్పుడు చచ్చిపోతాడు అన్నాను.

ఆట ముగిసింది. జనం వెళ్ళారు. మామ్మ చీపురుతో వచ్చి తన కుర్చీలో కూర్చుంది. నీళ్ళ చప్పుడు లేచింది, ఒక్క వయొలిన్ వచ్చింది. నేను మంట చూస్తున్నాను. ఆ రోజు కడ్డీలు జరిపినంత శ్రద్ధగా ఏ రోజూ జరపలేదు. వెలుగు తగ్గితే ధ్వని తగ్గదని తెలుసు, అయినా.

సరిగ్గా మధ్యలో మేనేజరు గారు మెట్లెక్కి వచ్చారు. కడ్డీల గురించి కేకలు వేయడానికి నోరు తెరిచి, ఎదురుగా విప్పిన నల్లగొడుగు చూసి ఆగిపోయారు. కప్పు వైపు చూశారు. "కారుతోందేంటయ్యా?" అన్నారు. గొడుగు వెనక నుంచి ఒక చెయ్యి పైకి లేచింది, ఆగమన్నట్టు. మందిరంలో ప్రార్థన మధ్యలో మాట్లాడేవాళ్ళ వైపు లేచే చెయ్యే అది. మేనేజరు గారు ఎప్పుడూ మందిరానికి రాలేదు గానీ, ఆ చెయ్యికి లోబడ్డారు. తలుపు దగ్గరే నిలబడిపోయారు. వయొలిన్ ఆ స్వరం దగ్గరికి వచ్చి, ఆగి, ఆలోచించి, వెళ్ళింది.

అక్షరాలు అయిపోయాయి. మంట ఆర్పాను.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"మధ్యలో ఒకచోట ఆగేడు. ఎవరికోసం?"

ఆయన గొడుగు చాటునే మెట్లు దిగి వెళ్ళిపోయారు. పెట్టె గురించి ఒక్క మాట అనలేదు. రాత్రి మా ఆవిడ అన్నం పెట్టి, పెట్టె ఉందా పోయిందా అని అడిగింది. తెలీదన్నాను. తెలీదంటే పోయినట్టే అంది.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు ముందు పెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిచి నిలబెట్టారు. బాబాయిగారు గొంతు సవరించుకుని, కరపత్రంలోంచి దొరగారి పేరు తీసేయాలన్నారు. ఎందుకని ఇంకో పెద్ద అడిగారు.

"ఆయన్ని నేను స్వయంగా విన్నాను. అది పరిచర్య అనలేం. పాపం అని కూడా అనలేం. అందులో మాటలే లేవు."

"ఎక్కడ విన్నారండి?"

గదిలో అందరూ ఆయన వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నిజం చెబితే సంఘ పెద్ద సినిమా హాలు ఎక్కారని ఆ మధ్యాహ్నానికే కొత్తపేట దాకా తెలుస్తుంది. అబద్ధం ఆయన నోట రాదు. నా పెట్టె సంగతి సరే, ఆయన పెద్దరికం కూడా ఆ క్షణంలో తీర్పు కోసం నా పక్కనే నిలబడింది.

"అమలాపురంలో" అన్నారు బాబాయిగారు.

అది నిజమే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆయన నా వైపు తిరిగి చూశారు. ఆ చూపులో కోపం ఉంది, దాని వెనక మరొకటి ఉంది. నేను ఇన్నాళ్ళూ చేసిన విద్య ఆయన ఒక్క రాత్రిలో నేర్చుకున్నారు, నాకంటే బాగా. తర్వాత తీర్పు చెప్పారు. దొరగారి కోసం ప్రార్థన మానొద్దు, దాసుడు అనొద్దు, పనివాడు అనాలి. పెట్టె నా దగ్గరే ఉంటుంది. ఆ సంగీతం మాత్రం మందిరంలో వినపడకూడదు.

వినపడలేదు. మందిరంలో మాత్రం. మహాసభల చివరి రోజు కొబ్బరితోటలో పందిరి కింద కానుకల సంచి తిరుగుతోంది. ఆ సమయంలో మాటలుండవు, పెట్టె ఒక్కటే మెల్లిగా మోగుతూ ఉంటుంది. బాబాయిగారు వేదిక మీంచి దిగి నా వెనక్కి వచ్చి, వంగి, గొడుగు సర్దుకుంటున్నట్టు నటిస్తూ, ఇది మందిరం కాదు, పందిరి అన్నారు. అంతే అన్నారు. నేను ఆ నీళ్ళ చప్పుడు హార్మనీలో ఎలా వస్తుందో వెతుక్కుంటూ మొదలుపెట్టాను. ముందు వరసలో పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఆ రోజు సంచి చాలా నెమ్మదిగా తిరిగింది.

తర్వాత చాలా జరిగాయి. రెండువేల సంవత్సరం దాటాక కార్బన్ కడ్డీలు పోయాయి, మంటను చూసే మనిషి అవసరమూ పోయింది. నేను ఇంటికొచ్చేశాను. మామ్మ నాకంటే ముందే వెళ్ళిపోయింది. హాలు కల్యాణ మండపం అయింది. అక్షరాల ఆయన మాత్రం ఆగలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే అమ్మాయి, మా సంఘం పిల్లే, ప్రార్థనల్లో విన్న పేరు ఆట డబ్బా మీద చూసి ఒకరోజు నన్ను పిలిచి, మావయ్యగారూ, మీ దొరగారు కంప్యూటర్ ఆటకి సంగీతం చేశారు అంది. ఆ ఆట తన దగ్గర ఉందంది.

వెళ్ళి కూర్చున్నాను. మంచులో ఒంటరిగా ఒక గుర్రపు రౌతు. వాణ్ణి మనమే నడపాలి. మీకు ఇది కొత్త కాదు గానీ, నాకు మాత్రం ఆశ్చర్యం వేసింది. రౌతు ఏటి ఒడ్డున నిలబడితే ఆ సంగీతం నిలబడినంతసేపూ ఉంటుంది. శత్రువులు వస్తే మారుతుంది. వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ ఏటి దగ్గరికి వచ్చేస్తుంది. జనమంతా వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీలకు వినిపించిన మనిషి, ఇప్పుడు ఒక్కడు నిలబడితే వాడి కోసమే ఆగుతున్నాడు. ఆర్పేయమనడానికి మేనేజరు లేడు. నేను రోజూ వెళ్ళి రౌతును ఏటి ఒడ్డున నిలబెట్టి కూర్చునేవాణ్ణి. కాస్త ఆడండి మావయ్యగారూ, గుర్రం ముసలిదైపోతోంది అని ఆ అమ్మాయి ఎగతాళి చేసేది.

బాబాయిగారికి చెప్పాను. అప్పటికి ఆయనకి శుక్లాలు ముదిరి చూపు దాదాపు లేదు. అయినా ఆటోలో వచ్చారు. కుర్చీలో కూర్చుని, గొడుగు విప్పి, కంప్యూటరు వైపు వాల్చుకున్నారు. కళ్ళు కనపడనప్పుడు గొడుగెందుకు తాతగారూ అని ఆ అమ్మాయి అడిగింది.

"అలవాటమ్మా. ఇది లేకపోతే నాకు వినపడదు."

చాలాసేపు ఏటి ఒడ్డున విన్నారు. తర్వాత, చివర్లో అక్షరాలుంటాయా అని అడిగారు. ఉంటాయి తాతగారూ, కానీ ఆట మొత్తం గెలిస్తేనే పడతాయి, మావయ్యగారు ఏరు కూడా దాటలేదు అంది.

గొడుగు నా వైపు తిరిగింది.

"అయితే గెలువు" అన్నారు బాబాయిగారు.

అలా రిటైరైన ఆపరేటరుకు కొత్త ఉద్యోగం వచ్చింది. నా రౌతు ఏటి అవతలి గట్టు ఎక్కగానే చచ్చిపోతాడు. మళ్ళీ మొదలెడతాను, మళ్ళీ చచ్చిపోతాడు. కడ్డీలు జరిపిన వేళ్ళు, పెట్టె వాయించిన వేళ్ళు, ఈ మీటల దగ్గర ఒకదానికొకటి అడ్డం పడతాయి. గొడుగు వెనక గొణుగుడు వినపడితే, ఎవరికోసం ప్రార్థిస్తున్నారండి అని అడిగాను. నీ గుర్రం కోసం అన్నారు. వారానికి ఒకసారి ఆటోలో వస్తూనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా గొడుగు విప్పుకుని, కాసేపు విని, అదే మాట అడుగుతారు.

"అక్షరాలు పడ్డాయా?"

"ఇంకా లేదండి, బాబాయిగారూ."

"కానీ, కానీ. కంగారు పడకు. ఆయన ఆగుతాడు."